అండమాన్‌లో ప్రభుత్వ కొనుగోళ్లు: తక్కువ ధరే అసలు ధరా?

విజయవాడలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో జనరేటరు మొరాయిస్తే, దానికి కావలసిన విడిభాగం ఆ సాయంత్రానికో మర్నాటికో దొరుకుతుంది. అదే జనరేటరు గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బేలో ఆగిపోతే కథ వేరు. విడిభాగం ముందుగా చెన్నై, కోల్‌కతా లేదా విశాఖపట్నం రేవుకు చేరాలి. అక్కడ ఓడ ఎక్కి దాదాపు మూడు రోజుల ప్రయాణం తరువాత శ్రీ విజయపురంలో దిగాలి. అక్కడి నుంచి మరొక ఓడలో, టెన్ డిగ్రీ చానల్ దాటుకుని, ఇంకో 500 కిలోమీటర్లకు పైగా దక్షిణానికి వెళ్లాలి. సముద్రం అనుకూలించకపోతే రేవులోనే పడి ఉండాలి. అయితే విజయవాడలోని కేంద్ర ప్రభుత్వ కార్యాలయమైనా, క్యాంప్‌బెల్ బేలోని కార్యాలయమైనా ఆ విడిభాగాన్ని కొనడానికి అనుసరించవలసిన నియమావళి ఒక్కటే. అందులో కొటేషన్లు, కమిటీలు, టెండర్లు, గడువులు అన్నీ ఉన్నాయి. సముద్రం మాత్రం లేదు.

ప్రభుత్వ కొనుగోళ్లపై చర్చ సాధారణంగా అవినీతి ఆరోపణలతో మొదలై అక్కడే ముగుస్తుంది. టెండరు ఎవరికి దక్కింది, ఎంత శాతం తక్కువకు దక్కింది అన్నవే వార్తలవుతాయి. కానీ ఏ సంస్థకైనా కొనుగోలు అనేది ఒక వరుస నిర్ణయాల ఫలితం. అవసరాన్ని గుర్తించడం, దాన్ని స్పష్టంగా రాయడం, పోటీని ఆహ్వానించడం, బిడ్లను తూచడం, ఒప్పందం చేసుకోవడం, సరుకును పరీక్షించి తీసుకోవడం, సకాలంలో డబ్బు చెల్లించడం అనే మెట్లలో ఏది సడలినా మిగిలినవన్నీ కదులుతాయి. ప్రధాన భూభాగంలో ఈ లోపాలను దగ్గరలోని బజారు కప్పిపుచ్చుతుంది. అండమాన్ నికోబార్ దీవుల్లో ఆ వెసులుబాటు లేదు. అందుకే కొనుగోలు శాస్త్రపు ప్రాథమిక పాఠాలను అర్థం చేసుకోవడానికి దేశంలో ఇంతకంటే తగిన చోటు దొరకడం కష్టం.

దూరమే మొదటి ఖర్చు

దీవుల మొత్తం వైశాల్యం 8,249 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం జనాభా 3,80,581. వందల దీవులున్నా జనావాసం ఉన్నవి కొన్ని పదులు మాత్రమే. జనాభాలో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు, చిన్న వ్యాపారాలకు వెళ్లి స్థిరపడిన కుటుంబాలు వీరిలో ఎక్కువ. విశాఖ రేవు నుంచి దీవులకు సముద్ర మార్గంలో దూరం సుమారు 1,200 కిలోమీటర్లు.

ఇది శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతం. ఇక్కడి వ్యయంలో సింహభాగం కేంద్ర ఖజానా నుంచే వస్తుంది. అంటే దీవుల్లో ఒక బస్సు కొన్నా, ఒక రేవు కట్టినా, ఆసుపత్రికి మందులు తెప్పించినా చెల్లించేది దేశమంతటా ఉన్న పన్ను చెల్లింపుదారులే. ఆ కొనుగోలు బెడిసికొడితే ఇబ్బంది పడేది మాత్రం దీవివాసులు. డబ్బు పెట్టేవారు ఒకచోట, ఫలితం అనుభవించేవారు మరొకచోట ఉన్నప్పుడు కొనుగోలు నియమాల బాధ్యత రెట్టింపవుతుంది.

నియమాలు ఏం చెబుతున్నాయి?

కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లకు ప్రత్యేక చట్టం లేదు. 2012 మే నెలలో లోక్‌సభలో ప్రవేశపెట్టిన ప్రభుత్వ కొనుగోళ్ల బిల్లు 2014లో సభ రద్దుతో పాటే మురిగిపోయింది. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో టెండర్లలో పారదర్శకతకు చట్టాలు చేసుకున్నాయి. కేంద్రంలో మాత్రం నేటికీ సాధారణ ఆర్థిక నియమావళే ఆధారం. 1947లో మొదట వెలువడిన ఈ నియమావళిని 1963లో, 2005లో, చివరగా 2017లో సమగ్రంగా సవరించారు. అండమాన్ నికోబార్ పాలనా యంత్రాంగం దీని పరిధిలోకే వస్తుంది.

ఈ నియమావళిలోని 144వ నియమం ప్రభుత్వ కొనుగోళ్ల మూల సూత్రాలను నిర్దేశిస్తుంది. ప్రజాప్రయోజనం కోసం కొనుగోలు చేసే ప్రతి అధికారీ సామర్థ్యానికి, పొదుపుకు, పారదర్శకతకు, సరఫరాదారులందరినీ సమానంగా చూడడానికి, పోటీని పెంచడానికి బాధ్యుడు. మిగిలిన నియమాలన్నీ ఈ ఒక్క వాక్యానికి వ్యాఖ్యానాలే. 2017లో నియమావళి వెలువడినప్పుడు 25 వేల రూపాయల వరకు కొటేషన్లు లేకుండా, ఆపైన రెండున్నర లక్షల వరకు స్థానిక కొనుగోలు కమిటీ ద్వారా కొనే వీలు కల్పించారు. ఆ పరిమితులను తరువాత పెంచారు. అంతకు మించిన వాటికి పరిమిత టెండరు, బహిరంగ టెండరు వంటి పద్ధతులున్నాయి. బహిరంగ టెండరుకు సాధారణంగా కనీసం మూడు వారాల గడువు ఇవ్వాలి. పై అధికారి అనుమతిని తప్పించుకునేందుకు ఒక పెద్ద అవసరాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి కొనడం నిషిద్ధం.

ఈ నియమాల్లో ఏదీ తప్పు కాదు. ప్రతి దాని వెనుకా ఒక కుంభకోణమో, ఒక ఆడిట్ అభ్యంతరమో, ఒక చేదు అనుభవమో ఉంటుంది. చిక్కంతా నియమాలకు కట్టుబడి ఉండడాన్నే కొనుగోలు విజయంగా భావించడంలో ఉంది. దస్త్రం సక్రమంగా ఉన్నంత మాత్రాన కొన్న వస్తువు సక్రమంగా పనిచేస్తుందని హామీ లేదు.

రేకుల ఇళ్లు నేర్పిన పాఠం

కొనుగోలులో మొదటి మెట్టు అవసరాన్ని సరిగ్గా రాయడం. ఇందుకు దీవుల్లో అతిపెద్ద ఉదాహరణ 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాతి కాలం. నికోబార్ దీవుల్లో ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. నిరాశ్రయులైన తొమ్మిది వేలకు పైగా కుటుంబాలకు తాత్కాలిక ఆవాసాలు, ఆ తరువాత దాదాపు అదే సంఖ్యలో శాశ్వత ఇళ్లు నిర్మించవలసి వచ్చింది. సామగ్రి అత్యధిక భాగం ప్రధాన భూభాగం నుంచి ఓడల మీద వచ్చింది.

తాత్కాలిక ఆవాసాలకు వాడిన ప్రధాన వస్తువు రేకులు. త్వరగా దొరుకుతాయి, ఓడలో పేర్చడం సులభం, బిగించడం తేలిక. కొనుగోలు కోణం నుంచి చూస్తే నిర్ణయం తర్కబద్ధమే. కానీ భూమధ్యరేఖకు సమీపంలోని దీవుల్లో రేకుల గది పగటిపూట కొలిమిలా మారుతుంది. ఉప్పు గాలికి త్వరగా తుప్పు పడుతుంది. గాలి ఆడేలా స్తంభాలపై ఎత్తుగా, గుండ్రంగా, గడ్డి కప్పుతో ఇళ్లు కట్టుకునే సంప్రదాయం ఉన్న నికోబారీలకు ఈ ఆవాసాలు పరాయివి అయ్యాయి. అప్పట్లోనే దీనిపై విమర్శలు వచ్చాయి. శాశ్వత ఇళ్ల నిర్మాణం పూర్తికావడానికి ఏళ్లు పట్టడంతో, తాత్కాలికమనుకున్న రేకుల కింద జనం అనుకున్నదానికంటే ఎక్కువ కాలం గడపవలసి వచ్చింది.

అత్యవసర పరిస్థితిలో నిర్ణయాలు తీసుకున్నవారిని ఇన్నేళ్ల తరువాత తప్పుపట్టడం సులభం. అది ఈ విశ్లేషణ ఉద్దేశం కాదు. గమనించవలసింది వేరొకటి. టెండరు పత్రంలో రేకు మందం, బరువు, పూత వంటివి రాయవచ్చు. వాటిలో ఏ లోపం లేకుండా సరఫరాదారు సరఫరా చేయవచ్చు. తనిఖీ అధికారి సంతకం చేయవచ్చు. అయినా కొన్నది అవసరానికి తగినది కాకపోవచ్చు. ఎందుకంటే అసలు అవసరం రేకులు కాదు, నివాసం. వస్తువును వర్ణించే టెండరుకూ, ఆ వస్తువు చేయవలసిన పనిని వర్ణించే టెండరుకూ ఉన్న తేడా ఇదే. ఉప్పు గాలి, భారీ వర్షపాతం, అయిదవ భూకంప మండలం వంటి వాస్తవాలు సాంకేతిక నిర్దేశాల్లో కనబడకపోతే, తరువాతి మెట్లలో ఎంత జాగ్రత్త వహించినా ప్రయోజనం తక్కువ. ఆ నిర్దేశాలు రాసే గదిలో ఆ వస్తువు వాడబోయేవారి గొంతు వినిపించాలి.

ధర ఒక్క అంకె కాదు

సాంకేతికంగా అర్హత పొందిన బిడ్లలో తక్కువ ధర పలికినదాన్ని ఎంచుకోవడం మన దేశంలో పాతుకుపోయిన పద్ధతి. కార్యాలయ భాషలో దీన్ని ‘ఎల్‌1’ అంటారు. ఇందులో అధికారికి రక్షణ ఉంది. తక్కువ ధర ఎందుకు తీసుకున్నావని అడిగేవారు అరుదు. ఎక్కువ ధర ఎందుకు చెల్లించావని అడగనివారు ఉండరు. ఫలితంగా పోల్చడం సులభమైన అంకె, పోల్చవలసిన అంకెను పక్కకు నెడుతుంది.

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. ఒక దీవికి జనరేటరు కావాలి. మొదటి కంపెనీ ధర 40 లక్షలు, రెండవదాని ధర 46 లక్షలు. మొదటిది యూనిట్ విద్యుత్తుకు 0.27 లీటరు డీజిల్ తాగుతుంది, రెండవది 0.25 లీటరు. ఏడాదికి అయిదు లక్షల యూనిట్లు ఉత్పత్తి చేస్తే తేడా 10 వేల లీటర్లు. లీటరు 80 రూపాయలనుకుంటే ఏడాదికి ఎనిమిది లక్షలు. అంటే ఆరు లక్షలు ఎక్కువ పెట్టి కొన్న యంత్రం తొమ్మిది నెలల్లో ఆ తేడాను తిరిగి ఇచ్చేస్తుంది. మిగిలిన జీవితకాలమంతా ఆదాయే. తక్కువ ధర జనరేటరును ఎంచుకున్న దస్త్రం మాత్రం ఆరు లక్షల పొదుపునే చూపుతుంది.

దీవుల్లో ఈ లెక్క కాగితానికి పరిమితం కాదు. ప్రధాన భూభాగపు విద్యుత్ గ్రిడ్‌తో వీటికి సంబంధం లేదు. దశాబ్దాలుగా డీజిల్ జనరేటర్లే వెలుగునిస్తున్నాయి. ఆ డీజిల్ కూడా ఓడలోనే రావాలి. వినియోగదారుల నుంచి వసూలయ్యే చార్జీకీ, ఉత్పత్తి ఖర్చుకూ మధ్య ఉన్న అగాధాన్ని కేంద్ర నిధులు పూడుస్తున్నాయి. 2013లో గరచర్మలో ఎన్‌టీపీసీ అయిదు మెగావాట్ల సౌర కేంద్రాన్ని, 2020లో ఎన్‌ఎల్‌సీ బ్యాటరీ నిల్వతో కూడిన 20 మెగావాట్ల సౌర కేంద్రాన్ని నెలకొల్పడానికి ఈ నేపథ్యమే కారణం. మొదటి పెట్టుబడి చూస్తే సౌర ఫలకాలు, బ్యాటరీలు భారంగా కనబడతాయి. ఓడలో వచ్చే ప్రతి లీటరు డీజిల్‌ను లెక్కలోకి తీసుకుంటే చిత్రం మారుతుంది.

విడిభాగాల విషయంలో చారాణా కోడికి బారాణా మసాలా అన్న సామెత దీవుల్లో అక్షరాలా నిజమవుతుంది. వస్తువు ధర కంటే దాన్ని తేవడానికయ్యే ఖర్చు, అది వచ్చేవరకు పని ఆగినందువల్ల కలిగే నష్టం ఎక్కువ. అందుకే యంత్రంతో పాటు కొన్నేళ్లకు సరిపడే విడిభాగాలు, స్థానికంగా మరమ్మతు చేయగల సాంకేతిక సిబ్బందికి శిక్షణ, నిర్వహణ ఒప్పందం అన్నీ ఒకే టెండరులో ఉండాలి. ధరను పోల్చేటప్పుడు ఈ మొత్తాన్ని పోల్చాలి. నియమావళి జీవితకాల వ్యయాన్ని లెక్కించడానికి అడ్డు చెప్పడం లేదు. ఆ లెక్క వేసే శిక్షణ, ఆ లెక్కకు కట్టుబడే ధైర్యం కావాలి.

నిర్మాణ సామగ్రిదీ ఇదే తీరు. శేఖర్ సింగ్ కమిషన్ సిఫార్సుల ఆధారంగా సుప్రీంకోర్టు 2002 మే 7న ఇచ్చిన ఆదేశాలు దీవుల్లో కలప నరికివేతపై ఆంక్షలు విధించాయి, ఇసుక తవ్వకాలను దశలవారీగా తగ్గించాలని నిర్దేశించాయి. అడవులను, తీరాలను కాపాడిన ఆ ఆదేశాలు అవసరమైనవే. వాటి తరువాత దీవుల్లో భవన నిర్మాణపు అంచనాలు ప్రధాన భూభాగపు ధరల పట్టికను కాపీ చేసుకుని వేసే వీలు లేకుండా పోయింది. వాస్తవానికి దూరంగా ఉన్న అంచనా రెండు విధాలుగా దెబ్బ తీస్తుంది. ఎవరూ బిడ్ వేయరు. లేదా ఎవరో ఒకరు వేసి, పని మధ్యలో వదిలి వెళ్లిపోతారు.

ఒక్కటే బిడ్ వస్తే?

పోటీ కొనుగోలుకు ప్రాణం. కానీ పోటీ ఆజ్ఞాపిస్తే పుట్టేది కాదు. నాలుగు లక్షల లోపు జనాభా, చిన్న మొత్తాల ఆర్డర్లు, అధిక రవాణా భారం, అనిశ్చితమైన ఓడల రాకపోకలు ఉన్నచోట ప్రధాన భూభాగపు కంపెనీలు ఆసక్తి చూపకపోవడం సహజం. ఒక్క బిడ్ మాత్రమే వచ్చిందని టెండరును రద్దుచేసి మళ్లీ పిలవడం చాలాకాలంగా ఉన్న అలవాటు. రెండవసారి కూడా ఒక్కటే వస్తుంది, తరచూ మరింత ఎక్కువ ధరకు. ఈలోగా ఒక వర్షాకాలం గడిచిపోతుంది.

కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ 2021 అక్టోబరు 29న జారీ చేసిన కొనుగోలు, ప్రాజెక్టు నిర్వహణ మార్గదర్శకాలు ఈ అంశాన్ని స్పష్టం చేశాయి. టెండరుకు తగిన ప్రచారం ఇచ్చి ఉంటే, అర్హతా నిబంధనలు అనవసరంగా కఠినంగా లేకపోతే, పలికిన ధర సమంజసంగా ఉంటే, ఒక్క బిడ్‌ను కూడా చెల్లుబాటుగా పరిగణించవచ్చు. కొన్ని రకాల పనులకు నాణ్యతకు 30 శాతం మించకుండా మార్కులు ఇచ్చే వెసులుబాటును కూడా అవే మార్గదర్శకాలు కల్పించాయి. దీవుల వంటి ప్రాంతాలకు ఇవి ఎంతో ఉపయోగపడగలవు.

అయితే మూడవ షరతే అసలు పరీక్ష. ధర సమంజసమా కాదా అని తేల్చాలంటే అధికారి వద్ద సొంత అంచనా ఉండాలి. పాత కొనుగోళ్ల ధరలు, ఓడ చార్జీలు, దిగుమతి కూలి, బీమా, తరుగు అన్నీ లెక్కించిన అంచనా ఉంటేనే ఒక్క బిడ్‌ను అంగీకరించడానికీ తిరస్కరించడానికీ ఆధారం దొరుకుతుంది. అది లేనప్పుడు అంగీకారం అనుమానాలకు, తిరస్కారం జాప్యానికి దారితీస్తుంది.

కాలానికీ వెల ఉంది

దీవుల ఇటీవలి చరిత్రలో పెద్ద కొనుగోలు విజయంగా చెప్పుకోదగినది చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్. అంతకు ముందు ఇంటర్నెట్‌కు ఉపగ్రహాలే ఆధారం. వేగం తక్కువ, ఖర్చు ఎక్కువ. సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్‌ను బీఎస్‌ఎన్‌ఎల్ ఆధ్వర్యంలో జపాన్‌కు చెందిన ఎన్‌ఈసీ సంస్థ వేసింది. చెన్నైని పోర్ట్ బ్లెయిర్‌తోనూ, స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలాండ్, రంగత్‌లతోనూ కలిపిన ఈ ప్రాజెక్టును ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. వ్యయం సుమారు 1,224 కోట్ల రూపాయలు. లోతైన సముద్రంలో సర్వే, కేబుల్ తయారీ, ప్రత్యేక నౌకల వినియోగం వంటి క్లిష్టమైన పనులను రెండేళ్ల లోపే, అదీ కరోనా తొలి నెలల్లో ముగించడం మెచ్చుకోదగిన విషయం.

ఈ విజయగాథకు ముందొక అధ్యాయం ఉంది. కేంద్ర మంత్రివర్గం ఈ ప్రాజెక్టును 2016 సెప్టెంబరులో 1,102 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదించింది. అప్పుడు పెట్టుకున్న గడువు 2018 డిసెంబరు. కానీ ఆ నెల 30వ తేదీన జరిగింది శంకుస్థాపన. ఆమోదానికీ శంకుస్థాపనకూ మధ్య రెండేళ్లకు పైగా గడిచాయి. సముద్రంలో పనికి పట్టిన కాలం అంతకంటే తక్కువ. దీవుల్లోని విద్యార్థి, వైద్యుడు, పర్యాటక వ్యాపారి ఆ సన్నాహాల కాలమంతా ఉపగ్రహపు నత్తనడకతోనే నెట్టుకొచ్చారు. ఈ నిరీక్షణ ఖర్చు ఏ అంచనాల పట్టికలోనూ కనబడదు.

అయితే తొలి కొనుగోలులో సంపాదించిన అనుభవం వృథా కాలేదు. కొచ్చి–లక్షద్వీప్ కేబుల్ కూడా దాదాపు అదే తరహాలో రూపుదిద్దుకుని 2024 జనవరిలో ప్రారంభమైంది. ఒకసారి రాసుకున్న సాంకేతిక నిర్దేశాలు, ఒప్పంద నమూనా, పర్యవేక్షణ పద్ధతి తరువాతి కొనుగోలుకు పెట్టుబడి అవుతాయి. సంస్థలకు కొనుగోలు జ్ఞాపకశక్తి ఉండాలనడానికి ఇది నిదర్శనం.

సంతకంతో ముగిసేది కాదు

టెండరు దక్కడంతో వార్త ముగుస్తుంది. కొనుగోలు అప్పుడే మొదలవుతుంది. బంబూఫ్లాట్‌లోని 20 మెగావాట్ల డీజిల్ విద్యుత్ కేంద్రం ఇందుకు దృష్టాంతం. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన సూర్యచక్ర పవర్ కార్పొరేషన్ దీన్ని నెలకొల్పింది. దీవుల పాలనా యంత్రాంగంతో విద్యుత్ కొనుగోలు ఒప్పందం 1997లో కుదిరింది. ఉత్పత్తి 2003లో మొదలైంది. ప్రాజెక్టు వ్యయం, దాని ఆధారంగా చెల్లించవలసిన ధరపై విభేదాలు విద్యుత్ నియంత్రణ మండలికి, అక్కడి నుంచి అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు, చివరకు సుప్రీంకోర్టుకు చేరాయి. సుప్రీంకోర్టు తీర్పు 2016లో వెలువడింది. అంటే ఒప్పందం కుదిరిన 19 ఏళ్లకు.

ఎవరి వాదన సరైనదన్న మీమాంసలోకి వెళ్లకుండానే ఒక పాఠం తీసుకోవచ్చు. దీర్ఘకాలిక ఒప్పందంలో ధర నిర్ణయించే సూత్రం, వ్యయం పెరిగితే ఎవరు భరించాలన్న నిబంధన, వివాదం వస్తే తేల్చే గడువు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. రాసేటప్పుడు వదిలేసిన ఒక్క వాక్యం తరువాత న్యాయస్థానాల్లో వందల పేజీలవుతుంది. ఓడల విషయంలో ఈ దూరదృష్టి మరీ అవసరం. విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో నిర్మించిన స్వరాజ్ ద్వీప్ వంటి నౌకలు దశాబ్దాల పాటు దీవులకు జీవనాడిగా నిలిచాయి. ఒక నౌకను కొనడమంటే పాతికేళ్ల నిర్ణయం. పాతది విశ్రాంతికి సిద్ధమయ్యే నాటికి కొత్తది నీళ్లలో ఉండాలంటే, కొనుగోలు ప్రక్రియ ఎన్నో ఏళ్ల ముందే మొదలుకావాలి.

పోర్టల్ వచ్చింది, దూరం తగ్గిందా?

ప్రభుత్వ ఈ-మార్కెట్ ప్లేస్, వాడుకలో ‘జెమ్’, 2016 ఆగస్టులో మొదలైంది. దశాబ్దాల చరిత్ర గల సరఫరాలు, విక్రయాల డైరెక్టరేట్ జనరల్ 2017 అక్టోబరుతో మూతపడి దీనికి చోటిచ్చింది. ధరలు బహిరంగమయ్యాయి. మధ్యవర్తుల ప్రమేయం తగ్గింది. ఇవి కాదనలేని లాభాలు. అయితే ఇందులో ధర సాధారణంగా కొనుగోలుదారు గుమ్మం వరకు చేర్చే ఖర్చుతో కలిపి ఉంటుంది. తాము ఏ ప్రాంతాలకు సరఫరా చేయగలరో విక్రేతలే ఎంచుకుంటారు. హైదరాబాద్‌లోని అధికారికి తెరపై కనిపించే విక్రేతలందరూ కార్ నికోబార్‌కు సరుకు పంపడానికి సిద్ధపడరు. తెర మీద బజారు విశాలమైనంత మాత్రాన రేవులో ఓడలు పెరగవు.

ఇక్కడే స్థానిక వర్తకుల పాత్ర ముఖ్యమవుతుంది. సరుకును ముందుగానే తెచ్చి గోదాములో ఉంచుకునే స్థానిక సరఫరాదారు కేవలం వస్తువును కాదు, సమయాన్ని కూడా అమ్ముతున్నాడు. కేంద్ర మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి చేయాలని, అందులో నాలుగు శాతం ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికవేత్తలకు, మూడు శాతం మహిళలకు కేటాయించాలని విధానం నిర్దేశిస్తోంది. వారికి 45 రోజులలోపు చెల్లింపు జరగాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఈ చివరి నిబంధన అమలే కీలకం. బిల్లు ఆరు నెలలు ఆగుతుందని తెలిసిన చిన్న వర్తకుడు ఆ వడ్డీని ముందే ధరలో కలుపుతాడు. లేదా టెండరుకే దూరంగా ఉంటాడు. ఆలస్యపు చెల్లింపు ప్రభుత్వానికి ఉచితం కాదు. అది తరువాతి టెండరులో ధరగా తిరిగివస్తుంది.

తెలుగు రాష్ట్రాల అనుభవం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్‌కు శ్రీకారం చుట్టి దేశంలో ముందువరుసలో నిలిచింది. గుత్తేదారులు టెండరు పెట్టె దగ్గర కాపు కాసి పోటీదారులను అడ్డుకునే రోజులకు అది చాలావరకు తెర దించింది. 2019 నుంచి కొన్నేళ్లపాటు ఆంధ్రప్రదేశ్ రివర్స్ టెండరింగ్‌ను అమలుచేసింది. 2024లో అధికారంలోకి వచ్చిన ప్రభుత్వం దాన్ని ఉపసంహరించింది. ఆ పద్ధతి ఖజానాకు ఆదా చేసిందని ఒకరు, పనుల వేగాన్ని, నాణ్యతను దెబ్బతీసిందని మరొకరు వాదించారు. రాజకీయాలను పక్కన పెడితే ఆ చర్చ సారం ఇదే: బిడ్ తెరిచిన రోజు కనబడే పొదుపును, పని పూర్తయిన రోజు మిగిలిన పొదుపుతో సరిచూసే అలవాటు మనకు లేదు. రెండు తేదీల మధ్య ఏం జరిగిందో లెక్క తేల్చకుండా ఏ విధానాన్ని మెచ్చుకున్నా, తిట్టినా అది అభిప్రాయమే అవుతుంది.

వెసులుబాటు ఇస్తే దుర్వినియోగం కాదా?

దీవులకు ప్రత్యేక వెసులుబాటు కావాలన్న వాదనకు బలమైన ప్రతివాదన ఉంది. దూరం పేరుతో నియమాలు సడలిస్తే అస్మదీయులకు కట్టబెట్టడం సులభమవుతుంది. అత్యవసరం అన్న ముద్ర ప్రతి దస్త్రంపైనా పడుతుంది. ఒక్క బిడ్ సరిపోతుందంటే ఒక్కరే బిడ్ వేసేలా నిబంధనలు తయారవుతాయి. ఈ భయాలు ఊహలు కావు, ప్రభుత్వ కొనుగోళ్ల చరిత్ర పొడవునా కనిపించేవే.

అందుకే అధికారికి విచక్షణ పెరిగిన కొద్దీ వెల్లడి కూడా పెరగాలి. ఏ ధరకు కొన్నారు, ఎందుకు ఆ బిడ్‌ను ఎంచుకున్నారు, అంచనా ఎంత, సరుకు ఎప్పుడు చేరింది, ఎన్నాళ్లు పనిచేసింది అన్న వివరాలు అందరికీ అందుబాటులో ఉంటే విచక్షణ దానంతట అదే అదుపులో ఉంటుంది. టెండరు ప్రకటన నేడు తప్పనిసరిగా బహిరంగమవుతోంది. ఒప్పందం అమలు తీరు అంత సులభంగా బయటకు రాదు. పారదర్శకత సగం దారిలో ఆగిపోతోంది.

ఆచరణలో కొన్ని మార్పులు కొత్త చట్టం లేకుండానే సాధ్యం. ఓడల కాలపట్టిక, రుతుపవనాలను బట్టి ఏడాది కొనుగోళ్ల ప్రణాళికను ముందే ప్రకటించడం వాటిలో మొదటిది. మందులు, విడిభాగాలు వంటి నిత్యావసరాలకు శాఖలన్నీ కలిసి దీర్ఘకాలిక రేటు కాంట్రాక్టులు కుదుర్చుకోవచ్చు. చిన్న ఆర్డర్లన్నీ కలిసినప్పుడే పెద్ద సరఫరాదారు ఓడ ఎక్కుతాడు. దీవుల వాతావరణానికి తగిన ప్రామాణిక నిర్దేశాలను ఒకసారి శ్రద్ధగా రాసి భద్రపరచుకోవచ్చు. కొనుగోలు విభాగంలో పనిచేసేవారికి ఖర్చుల విశ్లేషణలో, ఒప్పందాల నిర్వహణలో శిక్షణ ఇవ్వవచ్చు. ఏళ్ల తరబడి గడించిన అనుభవం ఒక్క బదిలీతో ఓడెక్కి వెళ్లిపోకుండా చూడడమూ ముఖ్యమే.

ఈ చర్చకు ఇప్పుడే ప్రాధాన్యం రావడానికి కారణముంది. గ్రేట్ నికోబార్‌లో ట్రాన్స్‌షిప్‌మెంట్ రేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, పట్టణం నిర్మించాలన్న ప్రతిపాదన అంచనా 70 వేల కోట్ల రూపాయలు దాటింది. దాని పర్యావరణ ప్రభావంపై, షోంపెన్, నికోబారీ తెగల భవితవ్యంపై తీవ్రమైన అభ్యంతరాలున్నాయి. వాటికి సమాధానం టెండరు పత్రాల్లో దొరకదు. కానీ ప్రాజెక్టు ముందుకు సాగే కొద్దీ దీవుల చరిత్రలో ఎన్నడూ లేనంత పెద్ద కొనుగోళ్లు వరుస కడతాయి. అవసరాన్ని ఎవరు నిర్వచించారు, ఎవరిని అడిగి నిర్వచించారు అన్న ప్రశ్న రేకుల ఇళ్ల నాటికంటే ఇప్పుడు ఎన్నో రెట్లు పెద్దది.

సామాన్యుడు బజారుకు వెళ్లేటప్పుడు ఇంట్లో ఏముందో, ఏం కావాలో, ఎన్నాళ్లు వాడాలో చూసుకుని బయలుదేరుతాడు. సంస్థల కొనుగోలు శాస్త్రమంతా ఆ ఇంగితానికి రాసుకున్న నియమావళే. క్యాంప్‌బెల్ బేలో చీకట్లో కూర్చున్న కుటుంబానికి జనరేటరు ఎంత తక్కువకు కొన్నారన్నది తెలియదు. అది ఈ రాత్రి పనిచేస్తుందా లేదా అన్నదే తెలుసు. ప్రభుత్వ కొనుగోలును తూచవలసిన తక్కెడ అదే.